ఇంజినీరింగ్ వద్దు, గ్రీకు చరిత్ర చదువుతానంటోంది!

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. ఇంజినీరింగ్ వద్దని, ప్రాచీన గ్రీకుల జీవితం, పురాణాలు చదువుతానని పట్టుబట్టింది. ఆ పుస్తకాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాం. బీటెక్ ఏఐ మేలా, ఇది మేలా? పోల్చి చెప్పండి. - ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ముందు ఆ తాళం తీయండి. చదువుకుంటున్న పిల్ల దగ్గర పుస్తకాలు లాక్కోవడం ఏ రకమైన పెంపకమండీ? మీరు పోలిక అడిగారు గానీ, అసలు భయం 'రేపు దాని బతుకేమిటి, నలుగురికి ఏం చెప్పుకోవాలి' అన్నది. సాహిత్యం, సంగీతం, చరిత్ర అన్న పిల్లలందరి ఇళ్ల నుంచీ నాకు ఇదే భయం ఉత్తరమై వస్తుంది.

బీటెక్ ఏఐకి భరోసా ఉందని మీరు నమ్ముతున్నారు. నాకు అంత నమ్మకం లేదు. బాగా నడిచే కాలేజీలు ఒక్కో బ్రాంచిలో ఎన్ని సీట్లు పెట్టుకోవచ్చన్న పరిమితిని సాంకేతిక విద్యను పర్యవేక్షించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ 2024-25 నుంచి ఎత్తేసింది. సీట్లు పెంచినంత సులువుగా పాఠం చెప్పేవారు దొరకరు. లెక్కలంటే ఇష్టం లేని పిల్ల ఆ గుంపులో నాలుగేళ్లు గడిపితే చేతికొచ్చేది పట్టా ఒక్కటే. చేరే ముందు ఆ కాలేజీలో ఏఐ పాఠాలు ఎవరు చెబుతున్నారో, వాళ్లు ఏం చదివారో అడగండి. సూటిగా జవాబు రాకపోతే ఫీజు కట్టకండి.

మీ అమ్మాయి అడిగినది కాలక్షేపం కాదు. బెర్లిన్ మ్యూజియంలో క్రీ.పూ. 480 ప్రాంతపు గ్రీకు మట్టి పాత్ర ఒకటి ఉంది. దానిమీద డౌరిస్ అనే చిత్రకారుడు బడిని గీశాడు. ఒక గురువు చుట్టగా చుట్టిన రాతప్రతిని విప్పి పట్టుకుని కూర్చుంటే ఎదురుగా పిల్లవాడు నిలబడ్డాడు. మరొకరు లైర్ అనే తీగల వాద్యం నేర్పుతున్నారు. ఒక పక్కన చేతికర్రతో కూర్చున్న గడ్డపాయన పిల్లవాణ్ని వెంటబెట్టుకొచ్చిన బానిస కావచ్చు. ఫీజు ఎవరు కట్టారు? ఏథెన్స్‌లో తండ్రే. ఆడపిల్లలేరి? ఇంట్లో. అదే మరో గ్రీకు నగరం స్పార్టాలో మగపిల్లల్ని ఏడో ఏటే రాజ్యం తన శిక్షణలోకి తీసుకునేది. ఒక్క పాత్ర నుంచి ఇన్ని ప్రశ్నలు లాగి, ఆధారం చూపి జవాబు చెప్పడమే ఈ చదువు. న్యాయవాదికీ, పాత్రికేయులకూ, మ్యూజియంలో పనిచేసేవారికీ కావలసింది ఈ నేర్పే. సివిల్స్ ఫిలాసఫీ ఆప్షనల్‌లో గ్రీకు తత్వవేత్తలు ప్లేటో, అరిస్టాటిల్ ఉన్నారు. గ్రీకులో రాసిన పెరిప్లస్ అనే నౌకాయాన గ్రంథం మన కృష్ణా తీరపు 'మసాలియా'లో నేసే సన్నని బట్టల గురించి చెబుతుంది.

ఇక్కడ ఇబ్బంది ఉన్నమాట నిజం. మన రాష్ట్రాల్లో గ్రీకును ప్రధానాంశంగా డిగ్రీ చదివే వీలు దాదాపు లేదు. అందుకని పొలం అమ్మి విదేశాలకు పంపకండి. ఇక్కడే మంచి కాలేజీలో బీఏ చరిత్ర, దానితోపాటు ఫిలాసఫీ చదివించండి. స్కాలర్‌షిప్ వస్తే పీజీకి వెళుతుంది. రాకపోతే లా, జర్నలిజం, సివిల్స్, బోధన ఎలాగూ ఉన్నాయి. ఆమె రోడ్డున పడదు, ధైర్యంగా ఉండండి.

పరీక్షలయ్యాక గ్రీకు 24 అక్షరాలు నేర్చుకోమనండి. పెర్సియస్ డిజిటల్ లైబ్రరీ అనే వెబ్‌సైట్‌లో గ్రీకు ఇతిహాసం ఇలియడ్ మూలం ఉచితంగా దొరుకుతుంది, పదం మీద నొక్కితే అర్థం, వ్యాకరణం కనిపిస్తాయి. ఓ నెల రోజులు చదివాక విసుగు పుడితే ఆమెకు నచ్చింది కథలే, వాటిని ఏ కోర్సులో ఉన్నా చదువుకోవచ్చు. ఇంకా కావాలంటే మాత్రం, బీఏ దరఖాస్తు పెట్టడానికి మీరే వెంట వెళ్లండి.