ఆస్ట్రేలియాలో ఏజ్డ్ కేర్ హోమ్: 5 లక్షల డాలర్లూ ఒకేసారి కట్టాలా?

ఏజ్డ్ కేర్ హోమ్‌లో (వృద్ధుల సంరక్షణ కేంద్రంలో) అమ్మగారి గదికి 5 లక్షల డాలర్లు చెప్పారని కంగారుపడుతున్నారు. అంతా ఒకేసారి కట్టక్కర్లేదు.

అది డిపాజిట్. మొత్తం కట్టొచ్చు, లేదా దానిమీద ప్రభుత్వం నిర్ణయించిన వడ్డీ రేటు లెక్కన రోజువారీగా కట్టొచ్చు, లేదా సగం అలా సగం ఇలా. రేటు 8 శాతం అనుకుంటే ఏడాదికి 40,000, అంటే రోజుకు దాదాపు 110 డాలర్లు. సగం డిపాజిట్ కట్టేస్తే 55. చేరాక 28 రోజుల్లోగా తేల్చుకోవచ్చు. డిపాజిట్ పూర్తిగా తిరిగొస్తుందని పాతవాళ్లు చెప్పే మాట ఇప్పుడు చెల్లదు: 2025 నవంబరు 1 నుంచి చేరినవాళ్ల డిపాజిట్‌లో ఏటా 2 శాతం చొప్పున, గరిష్ఠంగా అయిదేళ్లపాటు, హోమ్ ఉంచేసుకుంటుంది.

గది ఖర్చు కాక, రోజువారీ బేసిక్ ఫీజు అందరికీ ఉంటుంది. ఒంటరి వ్యక్తికి ప్రభుత్వమిచ్చే బేసిక్ ఏజ్ పెన్షన్‌లో (వృద్ధాప్య పింఛనులో) 85 శాతం. ఆపైన ఆదాయం, ఆస్తులను బట్టి అదనం. నర్సింగ్ లాంటి వైద్య సంరక్షణ ఖర్చు ప్రభుత్వానిదే.

ఇల్లు అమ్మడానికి మాత్రం తొందరపడకండి. నాన్నగారు ఆ ఇంట్లోనే ఉంటుంటే అది ఆస్తి లెక్కలోకే రాదు. ముందు సర్వీసెస్ ఆస్ట్రేలియా అనే ప్రభుత్వ సంస్థలో ఆదాయ, ఆస్తుల మదింపు చేయించండి. ఆస్తి తక్కువని తేలితే గది ఖర్చులో కొంత, ఒక్కోసారి మొత్తం, ప్రభుత్వమే భరిస్తుంది.