మీ మేనల్లుడి గురించి ఒక్క వాక్యమే రాశారు

లేఖ: నాకు 41 సంవత్సరాలు. మాది కావలి దగ్గర ఒక పల్లె. పదిహేడేళ్లుగా లారీ నడుపుతున్నాను. ఆరేళ్లుగా చెన్నై మాధవరంలోని ఒక ట్రాన్స్‌పోర్టులో విజయవాడ లైనుకు వెళ్లే పన్నెండు టైర్ల బండి మీద ఉన్నాను. రెడ్ హిల్స్‌లో కాపురం. బండ్లు పంపే సూపర్‌వైజరు నాకంటే పదేళ్లు చిన్నవాడు, గూడూరు కుర్రాడు. మొదట్లో ‘అన్నా’ అనేవాడు, ఇప్పుడు ‘ఏమయ్యా’ అంటున్నాడు. అరగంటకొకసారి ఫోను చేస్తాడు, జీపీఎస్ చూసి ఎందుకు ఆగావంటాడు. పోయిన నెల నాయుడుపేట దాటాక మూడు గంటలు నిద్రపోయి, పంక్చరు పడిందని చెప్పాను. బిల్లు అడిగి 1,500 రూపాయల బేటా (దారి భత్యం) కోసేశాడు. ముందు ట్రిప్పు దించి రెండు గంటలైనా కాకముందే మళ్లీ లోడు ఎక్కించింది అతనే. నలుగురు డ్రైవర్ల ముందు ‘అప్పుడు క్లీనరు మీద తోశావు, ఇప్పుడు టైరు మీద తోస్తున్నావా’ అన్నాడు. వేసవిలో గోడౌనులో బండి వెనక్కి తీస్తుండగా, క్లీనరుగా ఉన్న మా చెల్లెలి కొడుకు, పందొమ్మిదేళ్లవాడు, టీ తేవడానికి వెళ్లి వచ్చేలోపు గోడ తగిలి డోరు, కొంత సరుకు దెబ్బతిన్నాయి, వాడు సైగ సరిగా చేయలేదని చెప్పవలసి వచ్చింది, వాడి నెల జీతం 9,000 పట్టుకుని పనిలోంచి తీసేశారు. ఈ జీపీఎస్ గొడవతో కావలిలో భోజనానికి ఆగడం కూడా మానేశాను. ఇంకొక ఓనరు నెలకు 3,000 ఎక్కువ ఇస్తానంటున్నాడు. అక్కడికి వెళ్లనా, ఇక్కడి ఓనరుకు సూపర్‌వైజరు మీద ఫిర్యాదు చేయనా?

మీరు అడిగినదానికి జవాబు చిన్నది కాబట్టి ముందు అదే చెప్పేస్తాను. వెళ్లాలనిపిస్తే వెళ్లండి, ఉండాలనిపిస్తే ఉండండి. మాధవరంలో ట్రాన్స్‌పోర్టు ఆఫీసులకు కొదువ లేదు, పదిహేడేళ్ల చెయ్యి ఉన్న డ్రైవరుకు ఎక్కడైనా బండి దొరుకుతుంది. ఫిర్యాదు మాత్రం ఇప్పుడే వద్దు. ఎందుకో తరువాత చెబుతాను.

మీ ఉత్తరం అసలు నాలుగు పేజీలు. స్థలాభావం వల్ల పైన కుదించి ఇచ్చాను. ఆ నాలుగు పేజీలలో మూడున్నర పేజీలు సూపర్‌వైజరే ఉన్నాడు, అతని ఫోన్లు, అతని గొంతు, అతను కుర్చీలోంచి లేవకుండా మాట్లాడే తీరు అన్నీ ఉన్నాయి. మీ చెల్లెలి కొడుకు మాత్రం ఒక్క వాక్యంలో వచ్చి, ఆ వాక్యం ముగిసేసరికి పనీ జీతమూ పోగొట్టుకుని వెళ్లిపోయాడు. ఆ వాక్యాన్ని నేను మార్చలేదు, కుదించలేదు, మీరు రాసినట్టే ఉంచాను.

అందులో ‘చెప్పవలసి వచ్చింది’ అని ఉంది. సూపర్‌వైజరు తిట్టిన తిట్లకు మీరు ‘అన్నాడు, చేశాడు, కోశాడు’ అని రాశారు, ప్రతిదానికీ చేసినవాడు కనిపిస్తున్నాడు. మీరు చెప్పిన అబద్ధం దగ్గరకు వచ్చేసరికి మాత్రం అది ఎవరూ చెప్పకుండానే, వాన వచ్చినట్టు, దానంతట అదే వచ్చింది. పసివాడిగా మీ ఒడిలో కూర్చోబెట్టి పుట్టువెంట్రుకలు తీయించిన పిల్లవాడి మీద ఓనరు ముందు నింద వేసింది మీరు. ఈ మాటను ఇంత కటువుగా రాయడం నాకు ఇష్టమై కాదు. మీరు దానిని ఇంతవరకు మీకు మీరు కూడా చెప్పుకోలేదని ఆ క్రియాపదం చూస్తే తెలుస్తోంది.

బండి వెనక్కి తీయడం గురించి మీకు నేను చెప్పగలిగేది ఏమీ లేదు. క్లీనరు దిగి, అద్దంలో కనిపించే చోట నిలబడి, బాడీ మీద అరచేత్తో తడుతూ ‘రానీ, రానీ’ అంటాడు, గోడకు మూర దూరం ఉండగా ‘హోల్డాన్’ అని కేక వేస్తాడు. ఆ కేక వేసే మనిషి వెనుక ఉన్నాడో లేడో చూసుకోవలసింది స్టీరింగు ముందు కూర్చున్నవాడే. ఆ రోజు కుర్రాడు లేడని మీకు తెలుసు, ఎందుకంటే టీకి పంపినదే మీరు అయి ఉండాలి, పందొమ్మిదేళ్ల క్లీనరు తన ఇష్టానికి టీకి వెళ్లడు. రెండు నిమిషాలు ఆగలేకపోయారు. అది తప్పే గాని క్షమించరాని తప్పేమీ కాదు, ఇన్నేళ్లలో గోడ తగిలించని డ్రైవరు ఉంటాడని నేను అనుకోను. వెనుక ఉన్నది గోడ, మనిషి కాదు, అంతవరకు దేవుడి దయ. ఆ తరువాత ఆఫీసులో జరిగినదే నన్ను బాధిస్తోంది.

అక్కడ కుర్రాడు ఏమన్నాడో మీరు రాయలేదు. బహుశా ఏమీ అనలేదు కాబట్టి రాయడానికి ఏమీ లేకపోయి ఉంటుంది. చేతిలో రెండు టీ గ్లాసులతో వచ్చినవాడు, తాను లేని చోట తాను తప్పు సైగ చేశానని మామయ్య చెబుతుంటే విని, ‘నేను అక్కడ లేనండీ’ అన్న మూడు మాటలు అనకుండా తల దించుకున్నాడు. ఆ మాట అంటే మీ ఉద్యోగం పోతుందని, పదో పరకో అప్పులున్న మీ ఇల్లు ఏమవుతుందని ఆ వయసులోనే లెక్క వేసుకుని ఉంటాడు. ఆ నిమిషంలో మీ ఇద్దరిలో పెద్దవాడు వాడే. తన తప్పు కాని దానికి నెల జీతం వదులుకుని, కావలి బస్సు ఎక్కి, తల్లితో ఏం చెప్పాడో మనకు తెలియదు. నిజం చెప్పి ఉంటే మీ చెల్లెలు ఈపాటికి మీకు ఫోను చేసి కడిగేసేది. ఆమె ఫోను చేసినట్టు మీరు రాయలేదు. అందువల్ల వాడు ఇంట్లో కూడా మిమ్మల్ని కాపాడుతున్నాడని, ‘పని చేతకానివాడు’ అన్న పేరు తనే మోస్తున్నాడని నేను అనుకుంటున్నాను. నా ఊహ తప్పయితే సంతోషిస్తాను.

ఇక కావలి సంగతి. మద్రాసు నుంచి విజయవాడ వెళ్లే దారి కావలి పక్కగానే పోతుంది. ప్రతి ట్రిప్పులో పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి మీ చెల్లెలి ఊరి మలుపు దాటుతున్నారు. ఇన్నేళ్లు ఆమె అన్నం పెట్టిన చోట ఇప్పుడు ఆగడం లేదు, దానికి కారణం జీపీఎస్ అంటున్నారు. ఆ జీపీఎస్ వేసవికి ముందు కూడా బండిలో ఉంది కదా? నాయుడుపేట దగ్గర మూడు గంటలు నిద్రపోవడానికి అడ్డురాని జీపీఎస్, అరగంట భోజనానికి అడ్డువస్తుందా? చెల్లెలి ముఖం చూడలేక ఆగడం లేదని రాయడానికి చెయ్యి రాక, ఆ బరువు కూడా తీసుకెళ్లి సూపర్‌వైజరు నెత్తిన పెట్టారు. ఇది మూడోసారి. మొదట క్లీనరు, తరువాత టైరు, ఇప్పుడు జీపీఎస్.

అందుకే అతని మాట మీకు అంతగా తగిలింది. బేటా కోసినందుకు ఒక వాక్యంలో కోపం చూపించారు, ‘క్లీనరు మీద తోశావు’ అన్న మాటకు మాత్రం ఒక పూర్తి పేజీ రాశారు. అతనికి తెలుసు. గోడౌను వాచ్‌మన్ చెప్పి ఉండవచ్చు, కెమెరాలో చూసి ఉండవచ్చు, లేదా పది బండ్లు నడిపించేవాడు కాబట్టి ఊహించి ఉండవచ్చు. ‘అన్నా’ అనే పిలుపు ఎప్పుడు పోయిందో ఒకసారి గుర్తుచేసుకోండి. వేసవికి ముందా, తరువాతా? సొంత మేనల్లుడిని వదిలేసినవాడు రేపు ఏదైనా జరిగితే తనను వదిలేయడా అని అతను అనుకుంటే, అరగంటకొకసారి ఫోను చేయడంలో ఆశ్చర్యం లేదు. అతని స్థానంలో ఉంటే నేనూ చేస్తాను.

అయితే సూపర్‌వైజరును నేను పూర్తిగా వెనకేసుకురావడం లేదు. ట్రిప్పు దించిన రెండు గంటలకే లోడు ఎక్కించి రాత్రంతా నడపమనడం తప్పు. రోజుకు ఎనిమిది గంటల పని, దూరపు లైనులో అయినా పది గంటలకు మించరాదు, ఐదు గంటలు నడిపాక కనీసం అరగంట విశ్రాంతి అని మన దేశం 1961లోనే మోటారు రవాణా కార్మికుల కోసం చట్టం చేసుకుంది. తెల్లవారుజామున రెండు నుంచి ఐదు దాకా ఒళ్లు ఎంత మొండికేసినా నిద్రకే లొంగుతుంది, అది అలవాటుతో పోయేది కాదు. నడుపుతున్నవాడికి పదేపదే ఫోను చేయడం కూడా ప్రమాదమే, చేత్తో ఫోను పట్టుకుని బండి నడపడాన్ని 2019 సవరణ తరువాత మోటారు వాహనాల చట్టం ప్రమాదకరమైన డ్రైవింగు కింద లెక్కపెడుతోంది. కాబట్టి నాయుడుపేట దగ్గర బండి పక్కకు తీసి పడుకున్నారే, ఆ నెల మొత్తంలో మీరు చేసిన మంచి పని అదొక్కటే. దాన్ని దాచి, లేని పంక్చరు చూపించారు! ‘నిద్ర ముంచుకొస్తోంది, పక్కకు తీసి ఆపుతున్నాను, మూడు గంటల తరువాత కదులుతాను’ అని అప్పుడే వాట్సాప్‌లో ఒక ముక్క పెట్టి ఉంటే, మరునాడు జవాబు చెప్పుకోవలసినవాడు అతను, మీరు కాదు. సరైన పని చేసినప్పుడు కూడా అబద్ధమే నోటికి వస్తోందంటే, వేసవిలో మొదలైనది ఎంత దూరం వెళ్లిందో చూడండి.

మా నాన్నగారు పెరంబూరులో గూడ్సు రైలు గార్డుగా పనిచేశారు. ప్రతి ట్రిప్పులో ఏ స్టేషనులో ఎన్ని నిమిషాలు ఎందుకు ఆగిందో రాసే జర్నల్ పుస్తకం ఒకటి ఉండేది. తన వల్ల పోయిన రెండు నిమిషాలను కూడా తన పేరుతోనే రాసేవారు, దానికి సంజాయిషీ కాగితాలు వస్తే అమ్మ విసుక్కునేది. ఆయన వల్ల ఇంజను డ్రైవరుకు మెమో వచ్చిందని ఎవరూ అనగా నేను వినలేదు. అటువంటి ఇంట్లో పెరిగాను కాబట్టి నా తూకం కొంచెం గట్టిదే కావచ్చు, ఆ మేరకు తగ్గించుకుని చదువుకోండి.

ఇప్పుడు ఫిర్యాదు వద్దన్న సంగతి. రెండు గంటల విశ్రాంతి మీద మీరు ఓనరు దగ్గరకు వెళితే మీది న్యాయమైన మాటే. కాని మీరు నోరు తెరిచిన మరుక్షణం అతను క్లీనరు సంగతి బయటపెడతాడు, అప్పుడు మీ నిజం కూడా మూడో పంక్చరుగా కనిపిస్తుంది. ఆ అవకాశం అతనికి ఇవ్వకుండా, క్లీనరు సంగతి మీరే చెప్పాలి. అంతకంటే ముందు కావలి వెళ్లాలి. బండిలో వెళ్లవద్దు, లోడు మీద ఉండగా పావుగంట ఆగి చెప్పే మాట కాదిది. సెలవు పెట్టి బస్సులో వెళ్లండి. మీ చెల్లెలూ కుర్రాడూ ఇద్దరూ ఎదురుగా ఉన్నప్పుడు, భోజనానికి కూర్చోకముందే, బండి వెనక్కి తీసినప్పుడు వాడు అక్కడ లేడని, నేనే అబద్ధం చెప్పానని చెప్పండి. ఓనరు ఇలా అడిగాడు, పరిస్థితి అలా ఉంది అన్న వివరాలు అక్కరలేదు. ఆమె ఏడిస్తే ఏడవనివ్వండి, తిడితే పడండి. 9,000 రూపాయలు కుర్రాడి చేతికే ఇవ్వండి, తల్లి చేతికి కాదు, అది వాడి జీతం.

తిరిగి వచ్చాక ఓనరుకు, సూపర్‌వైజరు కూడా ఉండగా, అదే మాట చెప్పండి. నష్టం కింద జీతం కోయాలంటే ముందు ఆ కార్మికుడి వివరణ అడగాలన్న నియమం 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం నుంచే వస్తోంది. మీ ట్రాన్స్‌పోర్టులో కుర్రాడిని ఎవరూ అడిగినట్టు లేదు, వాడి తరఫున మీరే మాట్లాడేశారు. ఓనరు డోరు ఖర్చు మీ జీతంలో పట్టుకుంటానంటే వాయిదాలకు ఒప్పుకోండి. పనిలోంచి పొమ్మంటే, ఆ 3,000 ఎక్కువ ఇస్తానన్న ఆయన ఎలాగూ ఉన్నాడు. పొమ్మనకపోతే, నా ఉద్దేశంలో పొమ్మనడు, అప్పుడు నిద్ర గురించి, ఫోన్ల గురించి మీరు చెప్పే మాటకు విలువ ఉంటుంది. సూపర్‌వైజరు మళ్లీ ‘అన్నా’ అంటాడో లేదో నాకు తెలియదు, దాని కోసం ఎదురుచూడవద్దు.

కుర్రాడు మళ్లీ మీ బండి ఎక్కాలని పట్టుబట్టకండి, మీ చెల్లెలి చేత చెప్పించకండి. వాడికి స్టీరింగు మీద మనసుంటే వేరే దారి ఉంది. రవాణా వాహనం లైసెన్సుకు ఇరవై ఏళ్లు నిండాలి, అంతకుముందు ఏడాదిపాటు చిన్న వాహనం లైసెన్సు చేతిలో ఉండాలి. అది ఇంకా తీసి ఉండకపోతే, కావలిలోనో నెల్లూరులోనో డ్రైవింగు స్కూలు ఫీజు మీరు కట్టండి. వద్దంటే ఊరుకోండి.

సూపర్‌వైజరు గురించి ఇంకా రాయవలసింది ఉంటే, కావలి వెళ్లి వచ్చాక రాయండి.