పార్కింగ్ బ్రేకు లైటు మినుకుతోందా? క్యాలిపర్లు కొనకు

అల్లుడూ,

మీ కారు ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకు స్విచ్చి లాగితే పసుపు లైటు మినుకుతోందనీ, షెడ్డులో వెనక క్యాలిపర్లు (చక్రం దగ్గర బ్రేకు ప్యాడ్లను నొక్కిపట్టేవి) రెండూ మార్చెయ్యమన్నారనీ రాశావు. కాస్త ఆగు.

ముందు కారు చదునైన చోట పెట్టు. కాలవగట్టు మీద వద్దు. ముందు చక్రాలకు అటూ ఇటూ ఇటుకలు పెట్టి, గేరులో ఉంచు.

తొలి అనుమానం బ్యాటరీ మీద పెట్టుకో. ఈ బ్రేకును బిగించే చిన్న మోటార్లు తిరిగినంతసేపూ కరెంటు గట్టిగా లాగుతాయి. వోల్టేజి పడిపోతే కంప్యూటరు తప్పంతా బ్రేకు మీదికి నెడుతుంది. రాత్రి ఆపిన కారు బ్యాటరీకి పొద్దున్నే వోల్టేజి మీటరు పెట్టు. 12.6 వోల్టుల దగ్గరుంటే సరే. 12.2 కన్నా దిగితే చార్జింగ్ పెట్టాకే మిగతా సంగతి. టెర్మినళ్ల మీద తెల్లపొడి కట్టి ఉంటే మైనస్ ముందు విప్పి, వేణ్ణీళ్లలో వంటసోడా కలిపి బ్రష్షుతో రుద్దు. బిగించేటప్పుడు మైనస్ ఆఖర్న.

తర్వాత చెవి పెట్టాలి. ఇంకొకరిని స్విచ్చి లాగమని నువ్వు వెనక చక్రం పక్కన కూర్చో. మీ కారుకు చక్రానికో మోటారు కాబట్టి రెండువైపులా జుయ్‌మని వినపడాలి. ఒకవైపు మూగబోతే తప్పు ఆ వైపే. రెండూ పలక్కపోతే ఫ్యూజు, స్విచ్చి చూడు.

మూగబోయిన వైపు క్యాలిపర్ వెనక చిన్న ప్లగ్గు ఉంటుంది. అంతర్వేది ఉప్పుగాలీ, వానాకాలం రోడ్డు మీద నిలిచే నీళ్లూ మోటారు కన్నా ముందు దాన్నే తింటాయి. ఊడదీసి లోపల పిన్నులు చూడు. ఆకుపచ్చ చిలుము కనపడితే కాంటాక్ట్ క్లీనరు కొట్టి, బాగా ఆరనిచ్చి, రబ్బరు సీలు చిరగలేదని చూసుకుని పెట్టు. అక్కడి నుంచి వచ్చే వైరు చక్రంతోపాటు ఊగుతూ ఉంటుంది, పైకి బాగానే ఉన్నా లోపల రాగి తెగుతుంది. వంచి చూడు.

ప్లగ్గు పెట్టే ఉంచి, వెనక నుంచి మీటరు సూదులు ఆనించి స్విచ్చి లాగించు. 12 వోల్టుల దరిదాపుల్లో వస్తూ మోటారు తిరక్కపోతే అప్పుడు మోటారే పోయింది. చాలా కార్లకు అది విడిగా దొరుకుతుంది: రెండు బోల్టులు, ఒక ఓ-రింగు. దానికోసం క్యాలిపర్ మొత్తం కొనడం దండగ. వోల్టేజే రాకపోతే కారు కంప్యూటరును చదివే స్కానరు పెట్టించి, అది చూపే తప్పు కోడు రాయించుకో, కోడు చెరిపెయ్యనివ్వకు.

ఒకటి మాత్రం ఒప్పుకోకు. ప్యాడ్లు మార్చేటప్పుడు స్కానరుతో సర్వీసు మోడ్‌లో పెట్టకుండా (అంటే మోటారును వెనక్కి తిప్పించకుండా) ప్యాడ్లను నెట్టే పిస్టన్‌ను క్లాంపుతో నొక్కితే లోపలి మర, గేర్లు దెబ్బతింటాయి. అలా చేస్తానన్న షెడ్డు నుంచి కారు వెనక్కి తెచ్చెయ్.

ఇది తేలేదాకా సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కించకు. తప్పదంటే ఆ ఇటుకలు డిక్కీలో వేసుకెళ్లు.

మీ మామయ్య