సబ్‌టైటిల్ ప్రాజెక్టుల సమన్వయం: ఎంఏ తెలుగు చదివిన అమ్మాయికి తగిన ఉద్యోగమేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఎంఏ తెలుగు పూర్తిచేసింది. సినిమాలకూ వెబ్ సిరీస్‌లకూ సబ్‌టైటిల్స్, డబ్బింగ్ చేసే హైదరాబాద్ సంస్థ ఒకటి ప్రాజెక్ట్ కోఆర్డినేటర్ ట్రైనీగా రమ్మంది. అనువాదం చేయనక్కర లేదట, పనంతా వర్క్‌ఫ్లో మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటుందట. చదివిన తెలుగు పక్కన పెట్టి కంప్యూటర్‌లో గళ్ళు నింపే ఉద్యోగానికి పంపడం మంచిదేనా? ఏఐ వచ్చాక ఈ పని మిగులుతుందా? ఇంట్లో పెద్దవాళ్ళు బీఈడీ చేయించమంటున్నారు. – ఒక తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: మీ ఉత్తరంలో ‘చదివిన తెలుగు పక్కన పెట్టి’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఈ ఉద్యోగం గురించి మీకు చెప్పినవారు సగమే చెప్పారు. కెరీర్ సలహాల పనిలోకి రాకముందు నేను ఆరేళ్ళు సబ్‌టైటిల్ ప్రాజెక్టులు నడిపాను కాబట్టి మిగతా సగం చెప్పగలను. మీ అమ్మాయి చేరవచ్చు. అయితే తెలుగును వెంట పెట్టుకుని చేరాలి. ఆ తెలుగు వల్లనే ఈ పనిలో ఆమెకు విలువ పెరుగుతుంది.

ముందు ఆ సాఫ్ట్‌వేర్ ఏమిటో చూద్దాం. ఒక కొరియన్ సిరీస్‌కు తెలుగు సబ్‌టైటిల్స్ కావాలనుకోండి. కొరియన్ నుంచి నేరుగా తెలుగులోకి అనువదించేవారు దొరకడం కష్టం కనుక, ముందుగా ఇంగ్లిష్‌లో టైమ్‌కోడ్‌లతో సహా ఒక టెంప్లేట్ తయారు చేస్తారు. ఏ మాట ఏ ఫ్రేములో, అంటే వీడియోలోని ఏ నిశ్చల చిత్రం దగ్గర మొదలై ఏ ఫ్రేములో ముగుస్తుందో అందులో ఉంటుంది. ఆ టెంప్లేట్ మీద తెలుగు అనువాదకులు పని చేస్తారు, దాన్ని మరొకరు వీడియోతో పక్కపక్కన పెట్టి పరీక్షిస్తారు, తప్పులుంటే వెనక్కి వస్తుంది, సరిదిద్దాక క్లయింట్ కోరిన ఫార్మాట్‌లోకి మార్చి పంపుతారు. పది ఎపిసోడ్లు, ఎనిమిది భాషలు అంటే ఇలాంటి గొలుసులు ఎనభై. ఏ లింకు ఎవరి చేతిలో ఉంది, గడువు ఎప్పుడు, ఫైలు ఎన్నో వెర్షన్, ఎవరికి ఎంత చెల్లించాలి అన్నవన్నీ ఒకే చోట కనిపించేలా చేసి, ఒకరి పని పూర్తి కాగానే తరువాతి వారికి దానంతట అదే కబురు పంపేది ఈ సాఫ్ట్‌వేర్. ఊనా, ప్లింట్ వంటివి సబ్‌టైటిల్, డబ్బింగ్ సంస్థల కోసమే రూపొందాయి. ఎక్స్‌టీఆర్‌ఎఫ్, ప్లూనెట్ వంటివి అనువాద సంస్థలన్నిటికీ పనికివస్తాయి. పెద్ద సంస్థలు చాలావరకు సొంత వ్యవస్థలు కట్టుకున్నాయి. మెనూలు వేరైనా లోపల నడిచే పని ఒకటే కాబట్టి, ఏ పేరున్న సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలన్న బెంగ మీ అమ్మాయికి అక్కర్లేదు. ఒకటి వచ్చినవారు రెండోది నేర్చుకోవడానికి ఎక్కువ రోజులు పట్టదు.

ఇప్పుడు ఆ గొలుసులో తెలుగు ఎక్కడ పనికివస్తుందో చెబుతాను. కొరియన్‌లో ఆడపిల్ల తన అన్నను పిలిచే మాట వేరు, మగపిల్లవాడు తన అన్నను పిలిచే మాట వేరు. ఇంగ్లిష్ టెంప్లేట్‌లోకి వచ్చేసరికి రెండూ ‘బ్రదర్’ అయిపోతాయి. తెలుగు అనువాదకుడి ముందు ఆ ఒక్క మాటే ఉంటే అది అన్నో తమ్ముడో అతనికి తెలియదు, అంచనా మీద రాస్తాడు. టెంప్లేట్ చేసేవారు పక్కన ‘వయసులో పెద్ద, పిలిచేది చెల్లెలు’ అని చిన్న గమనిక రాస్తే ఆ చిక్కు తీరుతుంది. ఆ గమనిక లేదని అనువాదం మొదలుకాక ముందే పసిగట్టి అడగవలసిన మనిషి కోఆర్డినేటర్. వరుసల విలువ తెలిసిన తెలుగు అమ్మాయికి ఆ లోటు వెంటనే కనిపిస్తుంది, తెలియనివారికి ఆ గడి నిండినట్లే ఉంటుంది.

ఇంకొకటి, నేను మళ్ళీ మళ్ళీ చూసినది. గడువు తక్కువ కావడంతో మొదటి అయిదు ఎపిసోడ్లు ఒకరికీ తరువాతి అయిదు మరొకరికీ ఇస్తారు. అయిదో ఎపిసోడ్‌లో భర్తను ‘మీరు’ అన్న భార్య ఆరో ఎపిసోడ్‌లో కారణమేమీ లేకుండా ‘నువ్వు’ అంటుంది. ప్రేక్షకులు వాళ్ళిద్దరి మధ్య ఏదో జరిగిందనుకుంటారు. ఇంగ్లిష్‌లో రెంటికీ ఒకే మాట గనుక మామూలు యంత్ర తనిఖీకి ఇది దొరకదు. దీనికి మందు పాత్రల పట్టిక. ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారు, ఎవరికి మన్నన, ఏ పేరు తెలుగులో ఎలా రాయాలి, పదే పదే వచ్చే మాటకు ఏ తెలుగు మాట స్థిరపరిచాం అన్నవి రాసి, ప్రాజెక్టు మొదటి రోజే అనువాదకులందరికీ పరీక్షించేవారికీ కనిపించేలా సాఫ్ట్‌వేర్‌లో పెట్టాలి. కథ నడుమ సంబంధం మారి ‘మీరు’ నిజంగానే ‘నువ్వు’ అయితే, ఏ ఎపిసోడ్‌లో ఏ దృశ్యం నుంచి మారిందో కూడా అందులో ఎక్కించాలి. ఈ పట్టిక లేకుండా పని అప్పగించడం, నా దృష్టిలో, కోఆర్డినేటర్ చేసే తప్పులన్నిటిలోకీ పెద్దది.

అక్షరాల లెక్కలోనూ తెలుగు కావాలి. తెర మీద మాట చదవడానికి ప్రేక్షకుడికి సమయం చాలాలి కనుక ఈ రంగంలో కచ్చితమైన కొలతలున్నాయి. నెట్‌ఫ్లిక్స్ అందరికీ తెరిచి ఉంచిన నియమావళిలో ఒక సబ్‌టైటిల్ రెండు వరుసలు దాటకూడదు, 7 సెకన్లకు మించి తెర మీద ఉండకూడదు, ఒక సెకనులో ఆరింట అయిదు వంతులకన్నా తక్కువ ఉండకూడదు. వరుస పొడవుకూ, సెకనుకు ఎన్ని అక్షరాలన్న దానికీ భాషను బట్టి హద్దులు పెడతారు. సాఫ్ట్‌వేర్ ఈ హద్దులు దాటిన చోట ఎర్ర గుర్తు చూపిస్తుంది. అయితే మన కంటికి ఒక్క అక్షరంగా కనిపించే ‘స్త్రీ’, కంప్యూటర్లు అక్షరాలను గుర్తించే యూనికోడ్ లెక్కలో ఆరు. సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, దీర్ఘం ఒక్కొక్కటీ విడిగా లెక్కకు వస్తాయి. ‘తెలుగు’ మనకు మూడు అక్షరాలు, కంప్యూటర్‌కు ఆరు. సాఫ్ట్‌వేర్ ఏ పద్ధతిలో లెక్కిస్తున్నదో చూడకుండా ఎర్ర గుర్తులన్నీ అనువాదకుడికి తిప్పి పంపి ‘కుదించండి’ అంటే, అతను చక్కగా ఉన్న వాక్యాలను నరికి ముక్కలు చేసి పంపుతాడు. గుణింతాలూ ఒత్తులూ తెలిసినవారైతే అక్కడ ఆగి, ఆ హద్దు దేని మీద పెట్టారని ముందు అడుగుతారు.

నా సొంత తప్పు ఒకటి చెబుతాను, ఈ పనిలో జాగ్రత్త అంటే ఏమిటో మీకు తెలుస్తుంది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది ఒక తెలుగు సినిమా నాలుగు భాషల సబ్‌టైటిల్స్ నేను చూస్తున్నాను. పని సగంలో ఉండగా ఎడిటర్ నలభై నిమిషాల దగ్గర పదకొండు సెకన్లు తీసేసి కొత్త వీడియో పంపారు. మూడు భాషల పనులకు కొత్త వీడియోను జతచేశాను, తమిళానికి మరిచిపోయాను. తమిళ అనువాదకురాలు పాత వీడియో మీద శ్రద్ధగా పని ముగించింది. సాఫ్ట్‌వేర్‌లో అన్ని గళ్ళూ ఆకుపచ్చగా మారాయి, ఎందుకంటే ఆ ఆకుపచ్చకు అర్థం ‘ఫైలు వచ్చింది’ అని మాత్రమే. పంపవలసిన ముందు రోజు రాత్రి, తమిళం పరీక్షిస్తున్న పెద్దాయన ఫోన్ చేసి, “నలభయ్యో నిమిషం తరువాత ఒక్క మాటా పెదవులతో కలవడం లేదమ్మా” అన్నారు. ఇద్దరం కూర్చుని తెల్లవారేదాకా సరిచేశాం. ఆ రోజు నుంచి వీడియో మారిందంటే దాని మీద ఆధారపడిన ప్రతి పనినీ సాఫ్ట్‌వేర్‌లో ఆపేసి, కొత్త వీడియో జతచేసిన తరువాతే మళ్ళీ తెరవడం అలవాటు చేసుకున్నాను.

ఫ్రేమ్ రేటుతోనూ ఇలాగే జరుగుతుంది. సెకనుకు 24 ఫ్రేముల వీడియోకు చేసిన సబ్‌టైటిల్స్‌ను 23.976 ఫ్రేముల వీడియోకు తగిలిస్తే మొదటి నిమిషంలో తేడా సెకనులో నూటికి ఆరు వంతులు, ఎవరి కంటికీ ఆనదు. రెండు గంటల సినిమా చివరికి వచ్చేసరికి అది ఏడు సెకన్లు దాటుతుంది. అందుకే అనుభవజ్ఞులు ఫైలు మొదట్లోనూ నడుమనూ చివరనూ మూడు చోట్ల తెరిచి చూస్తారు. గడువుల విషయంలో ఒక్క మాట. లాస్ ఏంజెలెస్ క్లయింట్ శుక్రవారం సాయంత్రం 5 గంటలు అంటే మనకు వేసవిలో శనివారం ఉదయం 5:30, నవంబరులో అక్కడ గడియారాలు వెనక్కి తిప్పాక 6:30. అనువాదకుల దగ్గర సాఫ్ట్‌వేర్ ఏ సమయం చూపిస్తున్నదో మొదటి రోజే కనుక్కోవాలి.

ఏఐ గురించి మీ భయం అర్థం లేనిది కాదు, దాన్ని కొట్టిపారేయను. మాటలు విని ఇంగ్లిష్‌లో అక్షరబద్ధం చేయడం, టైమ్‌కోడ్ వేయడం, ముసాయిదా అనువాదం ఇవ్వడం ఇప్పుడు యంత్రాలు చేస్తున్నాయి. చాలాచోట్ల అనువాదకులకు ఆ ముసాయిదాను దిద్దే పని, దానికి తగ్గించిన రేటు ఇస్తున్నారు. ఖాళీగా ఉన్నవారిని వెతికి పని కేటాయించడం, గడువు గుర్తుచేయడం కూడా సాఫ్ట్‌వేర్ తనంతట తానే చేయగలదు కాబట్టి, కోఆర్డినేటర్‌గా ఈమెయిల్స్ అటూ ఇటూ పంపడం మాత్రమే నేర్చుకున్నవారి స్థానం గట్టిది కాదు. నేను పైన చెప్పిన అన్న–తమ్ముడు, మీరు–నువ్వు, వెర్షన్ తేడాలను ముందే పట్టుకునే మనిషి అవసరం మాత్రం ముసాయిదా వేగంగా వచ్చేకొద్దీ పెరుగుతున్నది, ఎందుకంటే తప్పు కూడా అంతే వేగంగా ఎనిమిది భాషల్లోకి పాకుతుంది. మరొక సంగతి. వినికిడి లోపం ఉన్నవారి కోసం సినిమాలకు క్యాప్షన్లు ఇవ్వాలని కేంద్ర సమాచార, ప్రసార శాఖ 2024 మార్చిలో మార్గదర్శకాలు ఇచ్చింది. తెలుగు సినిమాకు తెలుగులోనే క్యాప్షన్లు రాయడం, తలుపు చప్పుడూ దూరాన వినిపించే డప్పూ సైతం మాటల్లో పెట్టడం మంచి తెలుగు కోరే పని. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా ఇష్టమైన పని కూడా అదే.

బీఈడీ మంచి చదువే. బడిలో పిల్లలకు పాఠం చెప్పాలన్న కోరిక మీ అమ్మాయికి ఉంటే అదే చేయించండి, నేను వద్దనను. అది రెండేళ్ళ కోర్సు, ఆపైన టెట్, డీఎస్సీ ఉంటాయి. ఆ కోరిక లేకుండా, భద్రత కోసమని మాత్రమే పంపాలనుకుంటే, ముందు ఒక ఏడాది ఈ ఉద్యోగం చేయనివ్వండి. ఆ తలుపు తరువాతైనా తెరిచే ఉంటుంది. అనువాదంలో పైచదువు కావాలనిపిస్తే హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అనువర్తిత భాషాశాస్త్ర, అనువాద అధ్యయన కేంద్రం ఉంది.

చేరేలోపు ఉన్న వారాల్లో ఒక పని చేయమనండి. సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దించుకుని, క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో, అంటే ఇతరులు వాడుకోవడానికి యజమాని ముందే అనుమతించిన పది నిమిషాల వీడియోనో మీ ఇంట్లో తీసిన వీడియోనో తీసుకుని, టైమ్‌కోడ్ వేయడం నుంచి ఎస్ఆర్‌టీ ఫైలు (మాటలూ వాటి సమయాలూ ఉండే సబ్‌టైటిల్ ఫైలు) తీసేదాకా మొత్తం తానే చేయాలి. తరువాత స్నేహితురాలి చేత పరీక్షింపజేసి, వచ్చిన తప్పులను అర్థం, సమయం, వర్ణక్రమం, నియమం అని విడదీసి ఒక గూగుల్ షీట్‌లో ఎక్కించాలి. అదే షీట్‌లో గడువు, వెర్షన్, ఎవరి చేతిలో ఉంది అన్న వరుసలు కూడా పెడితే, రేపు ఆఫీసులో చూడబోయే సాఫ్ట్‌వేర్ చిన్న రూపం ఆమె చేతిలోనే తయారవుతుంది. టెడ్ ప్రసంగాలను స్వచ్ఛందంగా తెలుగులోకి తెచ్చే బృందంలో చేరడం కూడా మేలు. అక్కడ ఒకరు అనువదిస్తే మరొకరు సమీక్షిస్తారు, కాబట్టి తన పనిని ఇతరులు దిద్దడమంటే ఏమిటో తెలిసివస్తుంది. ఈ సొంత నమూనాలు భద్రంగా దాచుకోవాలి. ఉద్యోగంలో చేసినవి ఎక్కడా చూపడానికి వీలుండదు. విడుదల కాని సినిమా తెర ఫోటో ఒకటి వాట్సాప్‌లో బంధువులకు పంపినా గోప్యతా ఒప్పందం ఉల్లంఘించినట్లే, ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

ఇక ఆఫర్ లెటర్ మీద సంతకం చేసే ముందు ఆమె నాలుగు విషయాలు అడగాలి. రాత్రి షిఫ్టు వారానికి ఎన్ని రోజులు, తిరిగి వచ్చేటప్పుడు వాహనం ఇస్తారా? శిక్షణ ఎన్ని నెలలు, మధ్యలో మానేస్తే డబ్బు కట్టాలన్న బాండ్ ఉందా? ఒక కోఆర్డినేటర్ చేతిలో ఒకేసారి ఎన్ని ప్రాజెక్టులు ఉంటాయి? ఆరు నెలల తరువాత తెలుగు ఫైళ్ళను పరీక్షించే బృందంలో కొన్ని గంటలు పనిచేయనిస్తారా? చివరి ప్రశ్నకు వారు ‘ఇస్తాం’ అని లిఖితపూర్వకంగా చెబితే, మిగతావి మీకు సమ్మతమైన పక్షంలో, నిశ్చింతగా పంపించండి. ‘అది వేరే విభాగం, మీకు సంబంధం లేదు’ అంటే మరో సంస్థలో ప్రయత్నించమనండి. హైదరాబాద్‌లో ఈ పని చేసేవారు ఒక్కరే కాదు.