నాటే యంత్రానికి ముందు నారు సంగతి

చిరంజీవి రమణకు పెదనాన్న ఆశీస్సులు.

పద్మనాభం దగ్గరి మన ఎకరంన్నరలో ఈసారి టమాటా నారును యంత్రంతో నాటించాలనుకుంటున్నావని తెలిసి సంతోషించాను. కూలీలు సమయానికి దొరకక నారు ముదిరిపోతున్న ఈ రోజుల్లో ఆ ఆలోచన సరైనదే. అయితే నారూ నేలా కుదరకపోతే ఎంత మంచి యంత్రమైనా చేలో ఖాళీలే మిగులుస్తుంది కాబట్టి, బేరానికి ముందు ఆ రెండూ చూసుకో.

మడిలో పోసి పీకిన నారుకు వేళ్ల చుట్టూ మట్టి నిలవదు, అది యంత్రంలో మొక్కను వేసే కప్పులోంచి నిటారుగా జారదు. కొబ్బరి పొట్టు నింపిన ట్రేలలో పెంచిన నారే కావాలి. 60 సెంటీమీటర్ల సాళ్లలో 45 సెంటీమీటర్ల ఎడంగా నాటితే ఎకరానికి సుమారు 15,000 మొక్కలు పడతాయి. ఆ లెక్కన ఎకరానికి 98 గుంటల ట్రేలు 153 సరిపోవాలి గాని, మొలవనివీ వంకరపోయినవీ తీసేయాలి కనుక ఎకరానికి 170 దాకా వేయించు. టమాటా నారు 25 రోజులకు అటూ ఇటూగా నాటుకు వస్తుంది. అయినా రోజుల కన్నా వేరునే నమ్ము. మొక్కను మొదలు దగ్గర పట్టుకుని మెల్లగా లాగితే, తెల్లని వేళ్లు అల్లుకున్న పొట్టు ముద్ద చెదరకుండా పైకి రావాలి. రాలిపోతే ఇంకో మూడు నాలుగు రోజులు ఆగు. చివరి వారం నీడ వల తీసి, నీరు తగ్గించి మొక్కను గట్టిపరచు. నాటే రోజు ట్రేలను ముందుగా తడిపి, నీరు ఓడిన తరువాతే చేలోకి తీసుకెళ్లు. కారుతున్న ముద్ద కప్పుకు అంటుకుంటుంది.

నేలలో పెళ్లలు ఉండకూడదు. రోటవేటర్ తోలించి బోదెలు (మొక్కలు నాటే మట్టి కట్టలు) ఒకే ఎత్తున వేయించు.

ట్రాక్టర్‌కు తగిలించే యంత్రం మనకు వద్దని నా అభిప్రాయం. అది గట్ల దగ్గర తిరగడానికే బోలెడు చోటు పోతుంది. నిలబడి నాటే చేతి గొట్టంతో మొదలుపెట్టు: మొనను నేలలో గుచ్చి, పైనుంచి మొక్కను జారవిడిచి, పిడి నొక్కితే కింది దవడలు తెరుచుకుంటాయి. ఆ తరువాత మొక్క మొదలు దగ్గర మట్టిని కాలితో అదమడం మరువకు. మన ఆడవాళ్లకు రోజంతా నడుము వంచే బాధ తప్పుతుంది, నాకు అదే ముఖ్యం.

పెద్ద యంత్రమే కావాలంటే ఇరుగుపొరుగు రైతులతో కలిసి అద్దెకు తెచ్చుకోండి. అప్పుడు అందరూ ఒకే రోజు విత్తనం వేయకుండా వారం ఎడంతో వేస్తే, యంత్రం ఎవరి చేలోకి వచ్చేసరికి వారి నారు అందుకుంటుంది. నాటిన వారంలోగా చచ్చిన చోట్ల మిగులు ట్రేలలోని మొక్కలు పెట్టించు.