కొసరు చూసి వచ్చేవాడికి ముందు లెక్క చూపించండి

ప్రశ్న ఇది: "లండన్‌లో ఉంటున్నాను. ఆన్‌లైన్ పోకర్ అఫిలియేట్‌గా ఈమధ్యే మొదలుపెట్టాను. బోనస్‌లు, రేక్‌బ్యాక్ ఎక్కడ ఎక్కువిస్తారా అని వెతికే ఆటగాళ్ళను నా వైపు ఎలా రప్పించాలి?"

నేను బెంగళూరులో 2018 నుంచి 2023 చివరి దాకా ఈ పనే చేశాను. అఫిలియేట్ పనంటే ఆటగాళ్ళను మన లింకుతోనో కోడ్‌తోనో పోకర్ సైటులో చేర్చి, వాళ్ళ మీద సైటుకు వచ్చేదాంట్లో వాటా తీసుకోవడం. రేక్ అంటే ప్రతి ఆటలో సైటు కోసుకునే రుసుము, అందులో కొంత ఆటగాడికి తిరిగిస్తే అది రేక్‌బ్యాక్. మన దేశంలో ఇప్పుడీ పని లేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నిషేధించింది. వాటికి ప్రకటన చేసినా రెండేళ్ళ వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా రాసి ఉంది. అందుకే మీ లింకు ఇక్కడివాళ్ళకు పంపకండి, చుట్టాలకైనా సరే. మీరున్న చోట లైసెన్సు ఉన్న సైట్లున్నాయి, అక్కడివాళ్ళ కోసమే చెబుతున్నాను.

పెద్ద బోనస్ అంకె చూపిస్తే ఆఫర్లు వెతికేవాళ్ళు వస్తారని అందరూ అనుకుంటారు. నేనూ మొదటి ఏడాది అలాగే అనుకున్నాను. నా పేజీలో పైనే "10,000 రూపాయల బోనస్" అని ఎర్ర అక్షరాల్లో పెట్టాను. నెలకు ముప్పై మంది దాకా నా కోడ్‌తో చేరేవారు. రెండో నెలకు అందులో నలుగురైదుగురే మిగిలేవారు.

2019లో ఒక రాత్రి పదకొండు దాటాక ఫోన్ వచ్చింది. హిందూపురం నుంచి వచ్చి మారతహళ్ళిలో మొబైల్ రిపేరు షాపు పెట్టుకున్న మనిషి. నా కోడ్‌తోనే చేరి పదివేలు డిపాజిట్ చేశాడు. నెల తిరిగింది, బోనస్ గడువు అయిపోయింది.

"అన్నా, పదివేలు అన్నావు. ఐదొందలే వచ్చింది. మిగతాది ఎక్కడ?" అన్నాడు.

కోపంగా అనలేదు. నేనేదో తీసి పక్కన పెట్టానేమో, ఇచ్చేస్తానేమో అన్నట్టు అడిగాడు. షరతులు చదువుకోవాలి కదా అని నోటిదాకా వచ్చింది కానీ, ఆ షరతులు నేనే పూర్తిగా చదవలేదు. రేపు చెబుతానని పెట్టేసి, రాత్రంతా కూర్చుని లెక్క వేశాను. ప్రతి 2,500 రేక్‌కు 500 బోనస్ విడుదల. మొత్తం పదివేలు రావాలంటే 30 రోజుల్లో 50,000 రేక్ కట్టాలి. అతను ఆడేది 2/5 టేబుళ్ళు (పందెం 2, 5 రూపాయలతో మొదలయ్యేవి) రెండు, షాపు మూశాక రోజుకు రెండు గంటలు. గంటకు కట్టే రేక్ దాదాపు 60 రూపాయలు. నెలకు 3,600. అంటే ఒక్క ఐదొందలే. పదివేలూ రావాలంటే ఎనిమిది వందల గంటలకు పైగా ఆడాలి. నెలంతా కలిపితే ఉన్నవే 720 గంటలు.

మర్నాడు షాపుకు వెళ్ళి ఆ లెక్క కాగితం మీద చూపించాను. అతను చాలాసేపు చూసి, "ఇది ముందే చెప్పుంటే రెండువేలే వేసుకునేవాణ్ణి కదన్నా" అన్నాడు. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. పది రూపాయల స్పేర్ పార్టు తేడా కోసం ఎస్పీ రోడ్డులో నాలుగు షాపులు తిరిగే మనిషి అతను. బేరం తెలియనివాడేం కాదు. అతను బేరమాడడానికి కావలసిన లెక్కను నేను ఎర్ర అక్షరాల వెనక దాచేశాను.

ఆ వారమే పేజీ మార్చాను. బోనస్ మొత్తం పైనుంచి తీసేసి ఒక పట్టిక పెట్టాను. ఏ టేబుల్, రోజుకు ఎన్ని గంటలు, నెలాఖరుకు నిజంగా చేతికి ఎంత. పక్కనే గడువు, విత్‌డ్రా చేస్తే డబ్బు ఖాతాలో పడటానికి పట్టే రోజులు. అది కూడా నేను తీసి చూసిన తేదీతో సహా. చేరేవాళ్ళు నెలకు పన్నెండు మందికి పడిపోయారు. కానీ వాళ్ళు ఉండిపోయారు, స్నేహితులను తెచ్చారు. నాలుగు నెలలు తిరిగేసరికి నా వాటా పాతదాన్ని దాటింది. ఆఫర్లు వెతికేవాడు కూరల బజారులో కొత్తిమీర కొసరు అడిగే మనిషి లాంటివాడు. కొసరు చిన్నదైనా పర్లేదు, తూకం సరిగ్గా ఉండాలి.

ఈ విషయంలో సైట్ల మీద నాకు ఇప్పటికీ కోపమే. "మీరు తెచ్చేవాళ్ళంతా బోనస్ వేటగాళ్ళు" అని ఒక సైటువాళ్ళు నా వాటాను 30 శాతం నుంచి 20కి తగ్గించారు. బోనస్ రాసింది వాళ్ళు, షరతులు పెట్టింది వాళ్ళు. ఆ షరతుల ప్రకారమే ఆడి తీసుకున్నవాడు ఎలా తప్పు చేసినట్టు? నా కమీషన్ ఒప్పందంలో ఇలా తగ్గించవచ్చన్న వాక్యం పన్నెండో పేజీలో ఉంది. మీరూ మీ ఒప్పందం చివరిదాకా చదవండి.

పైగా మాకు దెబ్బ మీద దెబ్బ. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట తెలంగాణలో 2017లోనే ఆగిపోయింది, ఆంధ్రలో 2020లో. 2021 అక్టోబరులో కర్ణాటక కూడా నిషేధిస్తూ చట్టం తెచ్చింది, దాన్ని హైకోర్టు కొట్టేసింది 2022 ఫిబ్రవరిలో. 2023 అక్టోబర్ 1 నుంచి డిపాజిట్ మొత్తం మీద 28 శాతం జీఎస్టీ. పన్ను కూడా వేసిన డబ్బులోనే కలిసి ఉంటుంది కాబట్టి, పదివేలు వేస్తే పన్ను పోను మిగిలేది సుమారు 7,812. అలాంటప్పుడు పట్టికలో ఏ కొసరు చూపించినా అది అబద్ధమే అవుతుంది. ఆ డిసెంబరులో మానేశాను.

ఒక్క చూపులో అర్థమయ్యే ఆఫర్‌కు ఉదాహరణ కావాలంటే ఫుల్ టిల్ట్ అనే పాత పోకర్ సైటును చూడండి. 27 శాతం రేక్‌బ్యాక్, అంతే. చిన్నపిల్లాడికైనా అర్థమయ్యే ఒక్క అంకె. అఫిలియేట్లు ఏళ్ళ తరబడి దాని మీదే బతికారు. 2011 ఏప్రిల్ 15న అమెరికా ప్రభుత్వం ఫుల్ టిల్ట్‌తో పాటు మరికొన్ని సైట్ల మీద పడ్డాక, ఫుల్ టిల్ట్‌లో ఆటగాళ్ళ డబ్బు ఇరుక్కుపోయింది. అందుకే అనుభవం ఉన్నవాడు ఇప్పుడు బోనస్ కంటే ముందు విత్‌డ్రా గురించే అడుగుతాడు. మీ పేజీలో దాన్ని అడుగున పెట్టకండి.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. పోయిన డబ్బు రాబట్టుకోవాలని బోనస్ అడిగేవాడు వేరు. "ఈ నెల అద్దె పోయిందన్నా, ఏదైనా కోడ్ ఉంటే పంపు" అని ఒకతను మెసేజ్ పెట్టాడు. పంపలేదు. ఆ రాత్రి మూడుసార్లు అడిగాడు, అయినా పంపలేదు. ఖాతా మూయించుకోవడం ఎలాగో మాత్రం చెప్పాను. అలాంటివాళ్ళు మీకూ వస్తారు, మొదటి నెలలోనే వస్తారు. బ్రిటన్‌లో అఫిలియేట్ తప్పు చేసినా లైసెన్సు ఉన్న కంపెనీయే జవాబు చెప్పుకోవాలి కాబట్టి, వాళ్ళు మిమ్మల్ని క్షణంలో వదిలేస్తారు. కానీ నేను చెప్పేది దాని గురించి కాదు. ఆ మనిషికి అద్దె కట్టాలి.

మీరు చూస్తున్న ఆఫర్ షరతులు కింద కామెంట్‌లో పెట్టండి. ఎంత రేక్‌కు ఎంత విడుదల, గడువు ఎన్ని రోజులు, ఈ రెండూ ఉంటే చాలు. రోజుకు రెండు గంటలు ఆడేవాడికి ఎంత వస్తుందో నేనే లెక్క వేసి రాస్తాను.