విన్నిపెగ్ వెళ్తున్న చిన్నికి పెద్దమ్మ ఉత్తరం

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, ఫోస్టర్ కేర్ నుంచి, అంటే ప్రభుత్వం కన్నవాళ్ల దగ్గర్నుంచి తీసుకుని వేరే ఇళ్లల్లో ఉంచే ఏర్పాటు నుంచి, బయటికొచ్చే పిల్లలతో పనిచేసే ఉద్యోగానికి విన్నిపెగ్ వెళ్తున్నావట. ఎంత గర్వంగా ఉందో అంత టెన్షన్‌గానూ ఉంది. 19 ఏళ్లు ఆ ఊళ్లో ఆ పనే చేసినదాన్ని, ఇప్పుడు బ్రాంప్టన్‌లో మనవడిని ఆడించుకుంటున్నా గానీ నిద్ర పడితే ఒట్టు.

కాగితాల సంగతి ఆఫీసులో వాళ్లే నేర్పుతారు: బర్త్ సర్టిఫికెట్, హెల్త్ కార్డు, సిన్ నంబర్ (ఉద్యోగానికీ పన్నులకీ కావలసిన సంఖ్య), బ్యాంకు ఖాతా, స్టేటస్ కార్డు (ఫస్ట్ నేషన్స్, అంటే అక్కడి మూలవాసి తెగలవాళ్లకి ప్రభుత్వమిచ్చే గుర్తింపు). పిల్లకి పదిహేడు రాగానే మొదలుపెట్టు, అంతే.

నా భయమల్లా పుట్టినరోజులు. విన్నిపెగ్ ఉన్న మానిటోబా రాష్ట్రంలో 18 నిండితే కేర్ అయిపోయినట్టే. 21 దాకా సాయం పొడిగించే వీలుంది, కానీ ఆ ఏర్పాటు ముందే చూసుకోవడం మంచిది. పుట్టినరోజు జనవరిలో పడిన పిల్ల గతేంటో ఆలోచించు. బయట మైనస్ 30. బట్టలు నల్ల చెత్త సంచుల్లో కుక్కి పంపేవాళ్లని నా కళ్లతో చూశాను. నవంబరు నుంచి మార్చి మధ్య 18 నిండేవాళ్లెవరో చేరిన మొదటి వారంలోనే రాసిపెట్టుకో. రిజర్వుల (మూలవాసులకి కేటాయించిన ప్రాంతాల) నుంచి వచ్చిన ఫస్ట్ నేషన్స్ పిల్లలకైతే 26వ పుట్టినరోజు వరకూ సాయానికి ఒట్టావా, అంటే కేంద్ర ప్రభుత్వం, డబ్బిస్తుంది, అది వాళ్లలో చాలామందికి తెలియనే తెలియదు. నువ్వే చెప్పాలి.

నువ్వెంత ప్రేమగా వెళ్లినా మొదట ఆ పిల్లలు నిన్ను నమ్మరు, నొచ్చుకోకు. వాళ్ల తాతలనీ నాయనమ్మలనీ చిన్నప్పుడే రెసిడెన్షియల్ స్కూళ్లకి, మూలవాసి పిల్లల్ని ఇళ్లకి దూరంగా ఉంచిన హాస్టల్ బడులకి, పట్టుకుపోయారు, అందులో చివరిది మూతపడింది 1990లలో. 2021 జనాభా లెక్కల్లో కెనడాలో 15 ఏళ్లలోపు పిల్లల్లో ఇండిజినస్ (మూలవాసి) పిల్లలు 7.7 శాతమే, ఫోస్టర్ కేర్‌లో ఉన్నవాళ్లలో మాత్రం 53.8 శాతం. చేతిలో ఫైలుతో తలుపు కొట్టే మనిషంటే ఆ ఇళ్లల్లో మూడు తరాలుగా భయం.

ఇక ఇది జాగ్రత్తగా చదువు. ఇది నా తప్పు.

క్రీ అనే ఫస్ట్ నేషన్స్ తెగ కుర్రాడు ఒకడు ఉండేవాడు. పేరు రాయను. ఆరేడు ఇళ్లు మారి వచ్చాడు, మాట తక్కువ. 18 నిండేసరికి వాడికి ఒక గది సంపాదించాను, వంటగిన్నెలు, దుప్పటి, కెటిల్ అన్నీ నేనే తిరిగి కొన్నాను. తాళంచెవి చేతిలో పెట్టి, ఇంక నువ్వు ఇండిపెండెంట్‌రా అన్నాను. ఎంత సంబరపడ్డానో! రెండు నెలలు తిరక్కుండానే ఇంటి ఓనర్ ఫోన్ చేశాడు, గదిలో ఐదుగురు ఉంటున్నారు, ఖాళీ చేయించమని. నేను వెళ్లేసరికి కెటిల్ ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. నేల మీద వరసగా దుప్పట్లు పరిచి ఉన్నాయి, వాడి బాబాయి పిల్లలు పడుకుని ఉన్నారు. వాళ్లందరి ముందే వాడిని కడిగేశాను. ఇంత కష్టపడి ఇల్లు చూపిస్తే సత్రం చేస్తావా అన్నాను. వాడు గోడకేసి చూస్తూ, "ఎవరూ లేని గదిలో నాకు నిద్ర రాదు" అన్నాడు. నేను వినిపించుకోలేదు, ఓనర్ పక్షమే మాట్లాడాను. మర్నాడు వాడు గది ఖాళీ చేసి వెళ్లిపోయాడు. తాళంచెవి మా రిసెప్షన్‌లో ఇచ్చిపోయాడు, నా పేరు రాసిన కవర్లో పెట్టి.

నేనేమైనా ఒంటరిగా పెరిగానా? తెనాలిలో మా తాతయ్య ఇంట్లో వేసవి వస్తే పన్నెండుమంది పిల్లలం చాపల మీద వరసగా పడుకునేవాళ్లం. బంధువొస్తే పక్క వేయడం మర్యాద అని పెరిగినదాన్ని, అదే పని వాడు చేస్తే తప్పన్నాను. ఏళ్ల తరబడి విడిపోయిన అన్నదమ్ముల్ని వాడంతట వాడే వెతికి తెచ్చుకున్నాడు. ఏ ఆఫీసూ చేయని పని అది. నేను చేయాల్సిందల్లా ఐదుగురు ఉండగలిగే ఇల్లు వెతకడం. వాడి ఫైల్లో కోకుమ్, అంటే అమ్మమ్మ, పేరూ ఊరూ ఉన్నాయి. ఉత్తరాన విమానంలోనో, చలికాలం మంచురోడ్డు మీదో మాత్రమే చేరగలిగే రిజర్వ్. కాగితాలన్నీ అయ్యాక ఫోన్ చేద్దాంలే అనుకున్నాను. చేసేసరికి ఆవిడ పోయి మూడు నెలలైంది.

అందుకే చెప్తున్నా, ఏ పిల్ల ఫైలు తెరిచినా ఆ పేరు ముందు వెతుకు. గది చూసేముందు అడుగు, ఆదివారం అన్నం ఎవరితో తింటావని. జవాబు లేకపోతే నీ పని ఇంకా మొదలుకానట్టే.

డబ్బు గురించి ఒక్క మాట. రిజర్వుల నుంచి అన్యాయంగా తీసుకెళ్లిన పిల్లలకీ వాళ్ల కుటుంబాలకీ 23 బిలియన్ డాలర్ల పైచిలుకు పరిహారం ఒప్పందాన్ని 2023లో కోర్టు ఆమోదించింది. నీ పిల్లల్లో కొందరికి ఒకేసారి పెద్ద మొత్తం చేతికొస్తుంది, వెంటనే స్నేహితులూ పుట్టుకొస్తారు. లెక్చరివ్వకు, బ్యాంకుకి తోడు వెళ్లు. వాడి డబ్బు, నిర్ణయం వాడిదే.

సమయానికి తిను. ఫోన్‌లో చార్జింగ్ ఎప్పుడూ ఉంచుకో, అర్ధరాత్రి అయినా ఎత్తు. ఏడుపొస్తే నాకు చెయ్యి, మీ అమ్మకి చెప్పనులే.

నా పాత పార్కా, చలికి వేసుకునే మందపాటి కోటు, పార్సిల్ చేశాను. జేబులో రెండు జతల గ్లౌజులు పెట్టాను, ఒకటి నీకు.

మీ పెద్దమ్మ